చిరువ్యాపారియు చిరునామా పుస్తకమును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమున పుస్తకముల బీరువాలకంటెను భద్రముగా దాచుకొనవలసిన వస్తువు ఒకటి కలదు. అది సభ్యుల పట్టిక. పుస్తకమునకు చెదలు పట్టినచో మరల కొనవచ్చును. పట్టిక పోయినచో ఎవరు సభ్యులో, ఎవరి యింట ఏ నవల నిలిచిపోయినదో తెలియక గ్రంథపాలకుడు వీధివీధి తిరుగవలసి వచ్చును. చిన్న వ్యాపారికిని ఇట్టి పట్టిక ఒకటి ఉండవలెననియు, దానిని ఆధారముగా చేసికొని ఈ-మెయిలు ద్వారా తన సరకును ఎట్లు అమ్ముకొనవచ్చుననియు చెప్పుటయే ఈ ఉపన్యాసమునకు ఉద్దేశము.

గ్రంథాలయ సభలో బేరసారముల మాట యేల యని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. ఆంధ్రదేశమున ఈ రెంటికిని చుట్టరికము పాతదే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. సంగీత కచేరీలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగా పంచిపెట్టించిరని చెప్పుదురు. తలనొప్పి తగ్గినవాడు మఱునాడు తానే అంగడి వెదకికొని పోవును గదా! ఆ మందు తెచ్చిన ధనముతోనే 1908లో ఆంధ్రపత్రిక వెలువడినది. ఆంధ్ర గ్రంథమాలను నిలిపి, గ్రంథాలయోద్యమమునకు అండగా నిలిచినదియు ఆ ధనమే. కొనువాని గుమ్మము చేరుట యెట్లో పంతులుగారికి తెలిసియుండనిచో తెలుగు పాఠకునకు దక్కని పుస్తకములు ఎన్నియో ఉండెడివి.

పల్లెటూరి పాఠకునకు దూరపు అంగడి కూడ క్రొత్త కాదు. మన టపాశాఖ 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టినది. చెన్నపట్టణపు ప్రచురణకర్త కేటలాగు పంపును. పాఠకుడు కార్డు ముక్క వ్రాయును. పోస్టుమాను కట్ట తెచ్చి డబ్బు పుచ్చుకొని పోవును. ఇందు అమ్మువాడు కొనువాని ముఖము చూచినది లేదు. వారి నడుమ నున్నదెల్ల ఒక చిరునామా, ఒక నమ్మకము. ఈ-మెయిలు వ్యాపారము ఇంతకు మించినది కాదు. మిగిలినదంతయు యంత్రపు పని.

ఆ యంత్రపు పని కథ చిన్నది. 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరునుండి మఱియొక కంప్యూటరునకు ఉత్తరము పంపు విధానమును కల్పించెను. మనిషి పేరునకును, యంత్రము పేరునకును నడుమ 'ఎట్' అను గుర్తును నిలిపినవాడు ఆయనయే. ఏడేండ్లు గడచునప్పటికి దానిని చెడగొట్టుటకును ఒకరు సిద్ధమైరి. 1978 మే 3వ తేదీన డిజిటల్ ఎక్విప్‌మెంట్ అను కంప్యూటర్ల కంపెనీలో అమ్మకముల పని చూచుచుండిన గేరీ థర్క్ అను నతడు, తమ క్రొత్త యంత్రములను చూడ రమ్మని దాదాపు 400 మందికి ఒకే ఉత్తరమును పంపెను. వారెవ్వరును దానిని అడిగినవారు కారు. చిరునామాలు మితిమీరి, పై భాగమున చోటు చాలక, ఉత్తరము నడుమకు పొరలి వచ్చెను. అందుకొనినవారిలో పలువురు మండిపడిరి. నెట్‌వర్కు అధికారులు కంపెనీని మందలించిరి. ఐనను ఆ ఉత్తరము వలన కోటి డాలర్లకు పైబడిన యంత్రములు అమ్ముడైనవని ఆయన పిమ్మట చెప్పుకొనెను. లోకమునకు ఆ మందలింపు గుర్తు లేదు, కోటి డాలర్లే గుర్తున్నవి.

పిలువని పేరంటమునకు వచ్చు ఇట్టి ఉత్తరములకు 'స్పామ్' అను పేరు స్థిరపడినది. నిజమునకు అది అమెరికాలో అమ్ముడగు డబ్బా మాంసము పేరు. 1970నాటి ఒక ఆంగ్ల హాస్యనాటికలో, హోటలుకు పోయి ఏ పలహారమడిగినను అందులో ఆ మాంసమే వచ్చుచుండును, వద్దన్నను వచ్చుచుండును. పేరు పెట్టినవారెవరో గాని తగిన పేరే పెట్టిరి.

కార్డు వ్రాయుటకు కాసు ఖర్చగును గనుక వర్తకుడు ఒకటికి రెండుమార్లు ఆలోచించి వ్రాసెడివాడు. ఈ-మెయిలు పంపుటకు ఖర్చు లేదు. అందుచేత ఆలోచనయు పోయినది. చిన్న వ్యాపారి ఈ-మెయిలు పంపునపుడు, దానిమీద తన చేతి డబ్బు పెట్టి బిళ్ల అంటించుచున్నట్లు భావించుకొనినచో సగము తప్పులు తొలగిపోవును.

ఒక ఉదాహరణము తీసికొందము. నూజివీడు ప్రాంతమున ఒక గృహిణి ఆవకాయ, మాగాయ, గోంగూర పెట్టి అమ్ముచున్నదనుకొందము. చుట్టుపట్ల ఊళ్లవారు ఇంటికి వచ్చి కొనిపోవుదురు. వారికి ఈ-మెయిలు అక్కఱ లేదు. వాట్సాప్‌లో ఒక మాట చాలును, వీధిలో కేక వేసినను చాలును. కాని ఆమె జాడీలలో కొన్ని హైదరాబాదునకు, బెంగుళూరునకు పోవుచున్నవి. పండుగకు వచ్చిన అమెరికా బంధువులు తమ పెట్టెలలో మఱికొన్ని కొనిపోవుచున్నారు. అక్కడ రుచి చూచిన ప్రక్కింటివారు 'ఇది ఎక్కడిది?' అని అడుగుదురు. జాడీమీద చీటీ లేదు, చీటీమీద చిరునామా లేదు. అడిగినవారు అడిగినట్లే యుందురు. ఆమెకు ఆ సంగతియే తెలియదు. ప్రతి వేసవిలోను ఆమె నష్టపోవుచున్నది ఇక్కడనే. కారము పాలు తప్పుట వలన గాని, నూనె తగ్గుట వలన గాని కాదు.

కావున మొదటి పని జాడీమీద చీటీ. పేరు, ఊరు, ఆహార భద్రతా సంస్థ యిచ్చిన 14 అంకెల నంబరు, ఫోను, ఈ-మెయిలు చిరునామా అందుండవలెను. 1996లో సబీర్ భాటియా, జాక్ స్మిత్ అను నిరువురు హాట్‌మెయిల్ అను ఉచిత ఈ-మెయిలును స్థాపించిరి. అందులో ఎవరు ఎవరికి ఉత్తరము వ్రాసినను, అడుగున 'మీకును ఇట్టి ఉచిత ఖాతా కావలెనా' యను అర్థము వచ్చు పంక్తి యొకటి తనంతట తాను చేరుచుండెడిది. పెద్ద పెద్ద ప్రకటనలు లేకయే లక్షలమంది చేరిరి. మఱుసటి యేడు మైక్రోసాఫ్టు దానిని కొనివేసినది. ఒక్క పంక్తి చేసిన పని యది. చిన్న వ్యాపారి తాను వ్రాయు ప్రతి ఈ-మెయిలు అడుగునను తన పేరు, ఊరు, సరకు, ఫోను నంబరు తామే చేరునట్లు అమర్చుకొనవచ్చును. దానికి రెండు నిమిషములు పట్టును.

రెండవ పని పట్టిక. నోటు పుస్తకములో నైనను, కంప్యూటరులో ఎక్సెల్ షీటునందైనను సరే. పేరు, ఈ-మెయిలు, ఊరు, కొనిన సరకు, తేదీ, ఉత్తరము వ్రాయవచ్చునని ఎట్లు ఒప్పుకొనిరో ఆ మాట. ఇంతకంటె అవసరము లేదు. నకలు ఒకటి వేఱొక చోట నుంచవలెను. ఫోను బావిలో పడినను పట్టిక మిగులవలెను.

ఈ పట్టిక ఎవరి చేతిలో నున్నదను సంగతిని చాలమంది గమనించుట లేదు. ఏదో యొక యాప్‌లో వేలమంది ఫాలోయర్లను సంపాదించి, వారందఱును తమవారేయని నమ్ముచున్నారు. 2020 జూన్ 29వ తేదీన భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో కూడ 59 యాప్‌లను నిషేధించినది. ఆ నిషేధపు మంచిచెడ్డలు ఇక్కడ ప్రస్తుతము కావు. అందులో చీరలు, బొమ్మలు, వంటలు చూపి బేరములు కుదుర్చుకొనుచుండినవారికి తమ గిరాకీదారులు ఎవరో, ఏ యూరివారో తెలియదు. పేర్ల పట్టిక కంపెనీ వద్ద నుండెను, వారి వద్ద లేకుండెను. అంతకుముందు 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడినపుడును అంతే. పరుల అరుగుమీద అంగడి పెట్టుకొనినవాడు, ఇంటివాడు తలుపు వేసికొన్ననాడు ఏమి చేయగలడు? అరుగుమీద అంగడి పెట్టరాదని కాదు, వచ్చినవాని పేరు వ్రాసికొనవలెనని.

ఈ-మెయిలునకు ఈ చిక్కు లేదు. అది ఏ యొక్క కంపెనీ సొత్తును కాదు. జీమెయిల్ ఖాతా గలవాడు యాహూ ఖాతా గలవానికి వ్రాయవచ్చును. వేఱొక కంపెనీకి మారినను పట్టిక తన వెంట వచ్చును. తపాలా పెట్టె మారిన మాత్రమున స్నేహితుల చిరునామాలు చెరగిపోవు గదా.

పట్టిక త్వరగా పెరుగవలెనను ఆత్రుతతో కొందరు చిరునామాలను కొనుచున్నారు. 'లక్ష చిరునామాలు, ఇన్ని వేల రూపాయలు' అని అమ్మువారు కలరు. ఇంతకంటె చెడ్డ బేరము వేఱొకటి లేదు. గూగుల్, యాహూ కంపెనీలు 2024 ఫిబ్రవరినుండి కట్టుదిట్టమైన నిబంధనలు పెట్టినవి. దినమునకు 5,000కు పైగా జీమెయిల్ ఖాతాలకు ఉత్తరములు పంపువారు, ఇక వద్దను పాఠకుడు ఒక్కమారు నొక్కినంతనే పట్టికనుండి తొలగునట్లు ఏర్పాటు చేయవలెను. 'ఇది స్పామ్' అని ఫిర్యాదు చేయువారు వేయికి ముగ్గురిని చేరరాదు; వేయికి ఒక్కరికంటె తక్కువ యుండుట మేలని గూగుల్ చెప్పుచున్నది. వేయికి ముగ్గురు! అడుగని లక్షమందికి పంపినపుడు ముగ్గురేమి, మూడువందలమంది విసుగుకొందురు. అప్పుడు కోరి అడిగినవారికి పంపిన ఉత్తరము కూడ స్పామ్ బుట్టలోనే పడును. చిన్న వ్యాపారి దినమునకు 5,000 ఉత్తరములు పంపడనుట నిజమే. కాని ఫిర్యాదుల లెక్క ఆ కంపెనీలు అందఱి విషయమునను చూచుచునే యుండును. చెడ్డ పేరు ఊరిలో వ్యాపించినట్లే అక్కడను వ్యాపించును.

చట్టము కూడ ఈ దారినే నడచినది. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము సమ్మతి స్వేచ్ఛగా నిచ్చినదై యుండవలెను. ఇచ్చుట ఎంత సులభమో, వెనుకకు తీసికొనుటయు అంత సులభము కావలెను. దాని నియమములు 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలులోనికి వచ్చునట్లు ఏర్పడినవి. అమెరికాలోని కొనుగోలుదారునకు వ్యాపారపు ఉత్తరము వ్రాయునపుడు ఆ దేశపు 2003నాటి చట్టము ప్రకారము పంపువారి తపాలా చిరునామా అందుండవలెను. వద్దన్నవాని పేరును 10 పనిదినములలో తొలగింపవలెను. పది దినములు ఏల? వద్దన్ననాడే తొలగించుట మర్యాద.

ఇక ఉత్తరము సంగతి. పచ్చళ్ల గృహిణి వద్ద 60 పేర్లున్నవనుకొందము. ఉగాది దాటి కాయ కోతకు వచ్చుచున్నది. ఆమె వ్రాయవలసినది ఇంతమాత్రము:

'అమ్మా, నమస్కారములు. నిరుడు మీరు మా యింట రెండు కిలోల ఆవకాయ తీసికొన్నారు. ఈ యేడు కొత్తపల్లి కొబ్బరి కాయ వచ్చే వారం కోతకు వస్తున్నది. గానుగనూనెతోనే పెడుతున్నాము. మూడవనాడు తిరగ కలిపి, రుచి చూచి, ఆ మఱునాడు పార్సెలు కడతాము. కావలసినవారు ఈ ఉత్తరమునకే జవాబుగా ఎన్ని కిలోలో, ఏ చిరునామాకో వ్రాయండి. నిరుడు ఉప్పు ఎక్కువైనదని ఇద్దరు చెప్పినారు, ఈసారి తగ్గించినాము. ఇక మా ఉత్తరములు వద్దనుకొంటే ఒక్క మాట వ్రాయండి, పేరు తీసివేస్తాము.'

దీనికి పైన శీర్షిక 'ఈ యేటి ఆవకాయ వచ్చే వారం' అని యుండిన చాలును. 'అద్భుతమైన అవకాశము, త్వరపడండి' అని వ్రాసినచో దానిని మోసగాని ఉత్తరమనుకొని చెరిపివేయుదురు. ఉప్పు ఎక్కువైన మాట వ్రాయుట వ్యాపారమునకు నష్టము కాదా యని కొందరడుగుదురు. ఆ ఇద్దరు ఈసారి తప్పక కొందురు. మిగిలిన 58 మందికి, ఈమెకు చెప్పిన మాట వినబడునని తెలియును.

ఉత్తరమంతయు ఒకే పెద్ద బొమ్మగా చేసి పంపుట కొందఱి వాడుక. బొమ్మ తెరచుకొననిచో అందులో అక్షరము ముక్క కనబడదు. చదువువారు చాలమంది ఫోనులోనే చదువుదురు గనుక మాట మాటగానే యుండి, బొమ్మ ఒకటి, అదియు చిన్నది, ఉండవలెను. చీరలమ్మువారికి మాత్రము బొమ్మ లేక గడవదు. వారు పగటి వెలుగులో తీసిన బొమ్మ పంపి, రంగు ఫోనులో కొంచెము తేడాగా కనబడునని ముందే చెప్పుట మంచిది. తిరిగి వచ్చు చీరలు తగ్గును.

అందఱికి ఒకే ఉత్తరమేల? క్రొత్త డిటెక్టివు నవల వచ్చినపుడు గ్రంథపాలకుడు భాగవతము చదువు పెద్దాయనకు కబురు పెట్టడు. గోంగూర మాత్రమే కొనువారికి ఆవకాయ వార్త ఒకమారు చాలును. ఏటికి ఐదారు ఉత్తరములు మించనక్కఱలేదు: కాయ వచ్చినపుడు, గోంగూర లేతగా నున్నపుడు, దసరాకు, సంక్రాంతికి. సరకు అందిన వారము దినములకు 'ఎట్లున్నది?' అని యడుగు ఉత్తరము మాత్రము లెక్కలోనికి రాదు. అన్నిటికంటె ఫలించునది అదియే.

యంత్రపు జాగ్రత్తలు కొన్ని యున్నవి. పలువురికి ఒకేసారి పంపునపుడు చిరునామాలను 'టు' అను గడిలో పెట్టరాదు, 'బి.సి.సి.' అను గడిలో పెట్టవలెను. లేనిచో 60 మంది చిరునామాలును 60 మందికి తెలిసిపోవును. అది ఒకరి యింటి గుట్టు మఱియొకరికి చెప్పినట్లు. ఉచిత జీమెయిల్ ఖాతానుండి దినమునకు 500 మందికి మించి పంపుటకు వీలుపడదు. అంతవఱకు ఎదిగిననాడు స్వంత డొమైన్ పేరు కొనుక్కొని, పలువురికి ఉత్తరములు పంపిపెట్టు సేవ నొకదానిని కుదుర్చుకొనవలెను. డొమైన్ పేరునకు ఏటేట రుసుము కట్టవలెను. గడువు మఱచినచో పేరు పరుల పాలగును.

స్వంత డొమైన్ తీసికొన్నపుడు ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డి.మార్క్ అను మూడు మాటలు వినబడును. బెదరనక్కఱలేదు. మొదటిది, మా ఉత్తరములు మోయుటకు వీరికి మాత్రమే అధికారము కలదని వ్రాసి యుంచిన జాబితా. రెండవది లక్కముద్ర, దారిలో ఎవరైన విప్పి మార్చినచో తెలిసిపోవును. మూడవది, ఆ జాబితాలో లేని మనిషి, ఆ ముద్ర లేని ఉత్తరము తెచ్చినచో ఏమి చేయవలెనో చెప్పు ఉత్తరువు. వీనిని ఒకమారు అమర్చినచో చాలును. చదువుకొన్న మేనల్లుడు ఒక సాయంకాలములో చేసిపెట్టగలడు.

ఎందఱు ఉత్తరము తెరచిరో చెప్పు లెక్కలను ఆ సేవలు చూపును. వానిని చూచి పొంగరాదు. 2021నుండి ఆపిల్ కంపెనీవారి మెయిలులో, చదువరి తెరువకున్నను తెరచినట్లే లెక్కకు వచ్చు ఏర్పాటు కలదు. వచ్చిన జవాబులు ఎన్ని, కట్టిన పార్సెళ్లు ఎన్ని? నమ్మదగిన లెక్క ఇదియే.

మోసముల మాట చెప్పక విడువరాదు. ఎరుగిన నూనె వ్యాపారి పేరుతోనే, 'మా బ్యాంకు ఖాతా మారినది, సొమ్ము ఈ క్రొత్త ఖాతాకు పంపుడు' అని ఉత్తరము రావచ్చును. అట్టి ఉత్తరము వచ్చినచో దానిలోని నంబరుకు గాక, పాత పుస్తకములో నున్న నంబరుకే ఫోను చేసి అడుగవలెను. యు.పి.ఐ.లో డబ్బు పుచ్చుకొనుటకు పిన్ నంబరు కొట్టనక్కఱలేదు. కొట్టుమన్నవాడు డబ్బు ఇచ్చువాడు కాదు, తీసికొనువాడు. ఈ-మెయిలు ఖాతాకు రెండంచెల తాళము పెట్టుకొనవలెను. పాస్‌వర్డు తెలిసినంత మాత్రమున ఇతరులు తెరువలేకుండ, ఫోను వద్ద మరల అడుగు ఏర్పాటది. ఆ ఖాతా పరుల చేతిలో పడినచో పోవునది ఆమె సొమ్ము మాత్రమే కాదు. ఆమెను నమ్మి పేరిచ్చిన 60 మందికి ఆమె పేరుతోనే మోసపు ఉత్తరములు పోవును.

గ్రంథాలయములోని కంప్యూటరు సాయంకాలపు వేళ సభ్యులకు అందుబాటులో నుండును. ఈ వారములో పట్టిక మొదలుపెట్టదలచినవారు, తమ వద్ద కొనినవారి పేర్లు పదియైనను వ్రాసికొని రావలెను. పాత బిల్లు పుస్తకములు, పార్సెలు రసీదులు ఉన్నచో వెదకి తెచ్చుకొనుడు. వానిలో మఱచిపోయిన పేర్లు చాల దొరకును. మొదటి ఉత్తరము ఆ పదిమందికే, ఒక్కొక్కరికి వేఱువేఱుగా, మీ ఉత్తరములు పంపవచ్చునా యని అడుగుచు వ్రాయవలెను. జవాబు రానివారి పేరును పట్టికలో చేర్చరాదు.